బుడమేరుది తప్పా?

మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరును విజయవాడ దుఃఖదాయిని అంటారు. ఆ నింద అన్యాయమని నా వాదన. ఏడాదిలో ఎక్కువ కాలం ఇది సన్నటి వాగే. వరదొస్తే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిని మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. చిక్కంతా అక్కడే. కృష్ణ కూడా నిండుగా ఉంటే ఆ నీటిని తీసుకోదు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లోనే భారీ వానలకు మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది.

అంత వాన కురిస్తే ఏ ఏరైనా పొంగదా అనవచ్చు. పొంగుతుంది, నిజమే. కానీ ఆ నీరు కొల్లేరు వైపు సాగాల్సిన పాత దారి ఇళ్లతో, కట్టడాలతో ఇరుకైపోయింది. గట్లు ఎత్తు చేస్తే చాలదు, ఏటికి వెడల్పు తిరిగి ఇవ్వాలి; అదీ అక్కడున్న పేద కుటుంబాలకు ముందు వేరేచోట ఇళ్లు కట్టించాకే.