రిలీఫ్ అనే మాట
(ముసునూరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బదిలీ అయితే మనల్ని 'రిలీవ్' చేసేవారు. ఛార్జి అప్పగించందే ఆ కాగితం చేతికొచ్చేది కాదు! 1977 నవంబరు దివిసీమ ఉప్పెనలో రిలీఫ్ అంటే బియ్యం, బట్టలు. తలనొప్పి తగ్గినా రిలీఫే. సర్వీసులో డియర్‌నెస్ అలవెన్సు అన్నదే, రిటైరయ్యాక డియర్‌నెస్ రిలీఫ్ అయింది. ఆ పేరు చూసి కొందరు దీన్నీ ఉప్పెన బియ్యంలా సాయమనుకుంటున్నారు. కాదండీ. ధరలు పెరిగినప్పుడు పెన్షను విలువ మరీ తరిగిపోకుండా ఇచ్చేది ఇది. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక బకాయిల అర్జీలో 'దయతో మంజూరు చేయ ప్రార్థన' అని రాయకండి, 'చెల్లించవలసినది' అని రాయండి. ఇంట్లో ఆడవారికీ చెప్పి ఉంచండి: ఫ్యామిలీ పెన్షను మీదా రిలీఫ్ వస్తుంది.