గోడ మీది అక్షరాలు



ఊళ్లో నాటకం ఉందనుకోండి. ఆ సంగతి ముందు మనకు చెప్పేది ఏది? గోడ మీది పోస్టరు. మునుపు ఎవరో చదివి చెబితే వినేవాళ్లం. ఇప్పుడు మీరే చదువుతున్నారు. అందుకని ఈరోజు పోస్టర్ల కథే చెబుతాను. ఇది అమెరికాలో జరిగిన కథ.

అమెరికాలో టెనసీ అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని నాష్‌విల్. ఆ ఊరు పాటలకు పేరుపడింది. అక్కడి పల్లె జనం పాటల్ని కంట్రీ పాటలంటారు. 1879లో చార్లెస్, హెర్బర్ట్ అనే అన్నదమ్ములు ఆ ఊళ్లో అచ్చాఫీసు పెట్టారు. వాళ్ల ఇంటిపేరు హ్యాచ్. ఆ అచ్చాఫీసునే ఇప్పుడు హ్యాచ్ షో ప్రింట్ అంటారు. సర్కసులకు, నాటకాలకు, పాట కచేరీలకు అక్కడ పోస్టర్లు వేసేవారు. 1925లో నాష్‌విల్ రేడియోలో కంట్రీ పాటల కార్యక్రమం మొదలైంది. పాటగాళ్లు ఊరూరా తిరిగి పాడేవారు. వాళ్లకన్నా ముందు వాళ్ల పోస్టరు ఆ ఊరు చేరేది.

పోస్టరు ఎట్లా తయారయ్యేది? మన పెడనలో కలంకారీ అద్దకం ఎరుగుదురు కదా! చెక్క దిమ్మకు రంగు అద్ది బట్ట మీద వొత్తుతారు. ఇదీ అలాంటిదే. పెద్ద అక్షరాలను చెక్కతో చేస్తారు. ఒక్కో అక్షరం ఒక్కో ముక్క. వాటిని ఏరి, వరసగా పేర్చి, కదలకుండా బిగిస్తారు. పైన సిరా పూసి, కాగితం పెట్టి వొత్తుతారు. రెండు రంగులు కావాలంటే రెండుసార్లు వొత్తాలి. కాగితం కాస్త జరిగినా రంగు పక్కకు పోతుంది.

ఇంకో చిత్రం వినండి. ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. కాగితం మీద పడ్డాకే సరిగా కనిపిస్తాయి. పేర్చేవాళ్లు తిరగబడ్డ అక్షరాన్నీ చదవగలగాలి. ఒక్క అక్షరం తప్పు పెడితే ఊరంతా తప్పే చదువుతుంది.

తరవాత కొత్త యంత్రాలొచ్చాయి. ఫోటోలతో పోస్టర్లు చవగ్గా, త్వరగా అచ్చయ్యాయి. చెక్క అక్షరాలకు పని తగ్గింది. మన పట్టణాల్లోనూ ఇదే జరిగింది. ఒకప్పుడు సీసం అక్షరాలు కూర్చి శుభలేఖలు, కరపత్రాలు వేసేవారు. కంప్యూటర్లు వచ్చాక వాటిలో చాలా అక్షరాలు తుక్కు కింద పోయాయి. కూర్చేవాళ్లు వేరే పని వెతుక్కోవలసి వచ్చింది.

నాష్‌విల్‌లో మాత్రం ఆ అక్షరాలు మిగిలాయి. 1984లో జిమ్ షెరడెన్ అనే ఆయన అక్కడ పనికి కుదిరాడు. ఆయన ఏం చేశాడంటే, పాత అక్షరాలను బీరువాలో దాచలేదు. వాటితోనే కొత్త పోస్టర్లు వేయించాడు. పనిలో ఉంటేనే అవి బతుకుతాయని ఆయన నమ్మకం. 1992లో ఆ అచ్చాఫీసు కంట్రీ పాటల మ్యూజియం నడిపే సంస్థ చేతికి వచ్చింది. ఇప్పటికీ అక్కడ చేత్తో అక్షరాలు పేర్చి పోస్టర్లు వేస్తున్నారు. పాటగాళ్లు అడిగి మరీ వేయించుకుంటున్నారు.

మరి మనం నేర్చిన అక్షరాల మాటేమిటి? పలక పక్కన పెట్టి ఆర్నెల్లు ఊరుకుంటే మరిచిపోతాం. అందుకని దారిలో పోస్టరు కనిపిస్తే ఆగండి. ఏ ఊళ్లో? ఏ రోజున? ఎన్ని గంటలకు? టికెట్టు ఎంత? కూడబలుక్కునైనా చదవండి. చదివి, పక్కనున్న చెల్లెలికీ చెప్పండి.