ఇల్లు ఇస్తరు సరే, బతుకుదెరువు ఎవరిస్తరు?

(బస్తీవాసుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం డిగ్రీలు చదివి, పేపర్లల్ల రాసుకుంట ఉద్యమంల తిరిగినోళ్ళం. అప్పుడు మీ గల్లీలకే వచ్చినం. మీరే చాయ్ పోసిన్రు, మీరే ర్యాలీల ముందు నడిచిన్రు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇయ్యాల మీ దిక్కు నిలబడుడు మా బాకీ.

2024ల మూసీ ఒడ్డు ఇండ్ల మీద ఎర్ర రంగుతోని గుర్తులు పెట్టిన్రు. చాదర్‌ఘాట్ దగ్గర శంకర్‌నగర్, మూసానగర్‌ల ఇండ్లు కూల్చిన్రు. నది బాగుపడొద్దని ఎవరంటరు? 1908 వరదను ఈ పట్నం మరువలే. మురికి వాసన బస్తీ కన్న ఎక్కువ పీల్చినోళ్ళెవరు? మన ప్రశ్న ఒక్కటే: నది బాగైనంక ఒడ్డున ఉండేదెవరు?

పేదోళ్ళకు ఇల్లంటె నాలుగు గోడలు కాదు. మలక్‌పేట గంజిల హమాలీ పని, నడిచిపోయే దూరంల పాచిపని, ఉస్మానియా దవాఖాన, ఉద్దెర ఇచ్చే కిరాణం, పిల్లను చూసుకునే పక్కింటి అవ్వ... ఇదంత కలిస్తెనే ఇల్లు. కొందరికి డబుల్ బెడ్రూం ఇండ్లు దగ్గర్లనే దొరికినయి. అందరికీ దగ్గర్ల జాగ ఏది? 2023ల కొల్లూరుల 15,660 ఇండ్లు ప్రారంభించిన్రు. మంచి ఇండ్లే. కాని అవుటర్ రింగు రోడ్డు కాడికెల్లి పొద్దున ఆరింటికి చాదర్‌ఘాట్‌ల గిన్నెలు తోమనీకి ఎట్ల రావాలె? ఆడోళ్ళకు 2023 డిసెంబర్ నుంచి బస్సు ఫ్రీ. బస్సుల పోయిన గంటలకు కూలి ఎవరిస్తరు?

కూల్చుడు కంటికి కనబడుతది. కిరాయి పెరుగుడు కనబడదు. 2023 ఆగస్టుల కోకాపేటల సర్కారు వేలంల ఎకరం నూరు కోట్లు దాటింది. రేపు ఒడ్డు మీద పార్కు వస్తె వెనక గల్లీల కిరాయి పెరుగుతది. ఓనరు ఖాళీ చెయ్యమంటడు. జేసీబీ రాకుండనే బస్తీ ఖాళీ! టీవీ కెమెరా కూడ రాదు.

చట్టం మన దిక్కు లేదా? ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్నంల మూడేండ్లుగా అక్కడ ఉంటున్న కుటుంబం కూడ బాధిత కుటుంబమే. బతుకుదెరువు హక్కు జీవించే హక్కుల భాగమని 1985ల బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అయినా తొలగించుడు ఆగలే. అంటె కాయితం ఒక్కటే కాపాడదు, సంఘం కావాలె.

అందుకే ఇయ్యాల్నే మొదలుపెడదాం. ఇల్లిల్లు తిరిగి మన లిస్టు మనమే రాసుకుందాం. ఓనరు పేరుతోపాటు కిరాయిదారు పేరు, చేసే పని, పనికి ఎంత దూరం, పిల్లల బడి అన్నీ రాద్దాం. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, బడి కాయితం భద్రంగ పెట్టుకుందాం. సర్వేకు వచ్చినోళ్ళ ముందట ఆ లిస్టు పెట్టి ఒక్కటే మాట చెప్దాం: ఇల్లు ఎక్కడనో కాదు, పని ఉన్నకాడ కావాలె!