గర్భాశయ ముఖద్వార కాన్సరు: బిళ్ళలకు పాకితే కరెంటు వైద్యం

(మహిళా పాల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక కాన్సరు వైద్యురాలి ప్రసంగ పాఠం)



పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జ్వరంలో సంకరజాతి ఆవుకు భుజం ముందు బిళ్ళ కడుతుంది. పశువైద్యుడు అక్కడ తడిమి చూడటం మీరు ఎరిగినదే. అటువంటి బిళ్ళలు, అనగా లింఫు గ్రంథులు, మన శరీరంలోనూ వున్నవి. గర్భాశయ ముఖద్వారంలో పుట్టిన కాన్సరు సాధారణంగా మొదట పొత్తికడుపు లోపలి గ్రంథులలో చేరుతుంది. అక్కడినుండి పైకి, వెన్నెముక ముందున్న పెద్ద రక్తనాళం పక్క గ్రంథులకు పాకవచ్చును. ఇవి లోతుగా వుంటాయి, చేతికి తగలవు. స్కానింగు తీస్తేనే తెలుస్తుంది.

"బిళ్ళలకు పాకింది" అనగానే ఇంటివారు ఆశ వదులుకుంటారు. పాకనివారి కంటె వీరికి నయమయ్యే అవకాశం తక్కువన్న మాట నిజమే. అయినా జబ్బు ఈ గ్రంథుల వరకే ఆగివుంటే, నయం చేయాలనే ఉద్దేశంతోనే మేము చికిత్స మొదలుపెడతాము.

దీనిని మన జనం కరెంటు పెట్టడం అంటారు. అది కరెంటు కానే కాదు, షాకు కొట్టదు. ఎక్స్‌రే వంటివే, కాని ఎంతో శక్తి గల కిరణాలు. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాలు ఇస్తారు. కిరణాలను గ్రే లెక్కన కొలుస్తారు. మొత్తం 45 నుండి 50 గ్రే. ఉబ్బిన గ్రంథులకు మాత్రం 55 నుండి 60 వరకు పెంచుతారు. పై గ్రంథులకు పాకివుంటే కిరణాలు పడే మేర కూడా పైకి పెరుగుతుంది. పేగులు, మూత్రపిండాలు పక్కనే వుండటం వల్ల, కిరణాలను గ్రంథుల ఆకారానికి మలిచే ఐ.ఎం.ఆర్.టి. పద్ధతి ఇక్కడ బాగా అక్కరకు వస్తుంది. వారానికొకసారి సిస్‌ప్లాటిన్ మందు సెలైనుతో ఎక్కిస్తారు. ఐదు పరిశోధనల ఫలితాలు చూసి, కిరణాలతో పాటు ఈ మందు ఇవ్వడం మేలని అమెరికా జాతీయ కాన్సరు సంస్థ 1999లో వైద్యులకు తెలియజేసింది. చివరకు, గర్భాశయంలో గొట్టాలు అమర్చి లోపలినుండి కిరణాలిచ్చే బ్రాకీథెరపీ.

చిక్కంతా మధ్యలో వస్తుంది. రెండు మూడు వారాలకే రక్తస్రావం ఆగిపోతుంది. "నయమైందిగా, గేదె ఈనింది, పాలు పితికేవారు లేరు" అని కొందరు ఇంటికి వెళ్ళిపోతారు. బ్రాకీథెరపీకి రారు. మొత్తం చికిత్స ఎనిమిది వారాలలోపు ముగియాలి. నడుమ ఆపితే మిగిలిన కాన్సరు కణాలు తిరిగి పెరుగుతాయి, సగం ఏరి వదిలిన చేలో తుంగ లేచినట్లు. పోనీ తరువాత మళ్ళీ పూర్తి మోతాదు ఇద్దామంటే పేగులు ఓర్చుకోలేవు.

అందుచేత సంఘాలవారికి మనవి. ఆ ఎనిమిది వారాలు ఆమె పశువులను ఎవరు చూడాలి, కేంద్రంలో పాలు ఎవరు పోయాలి, పాలడబ్బు ఎవరి చేతికివ్వాలి అన్నది ముందే పాలకవర్గంలో తేల్చుకోండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వైద్యానికి ఆదుకున్నా, దారి ఖర్చులు, వెంట మనిషి తిండి తప్పవు. పాలడబ్బు మీద అడ్వాన్సు ఇవ్వగలిగితే ఇవ్వండి.

విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం రావచ్చును. చెబితే మందులిస్తారు, వాటికి భయపడి మానవద్దు. ఒంటిమీద పెట్టిన గుర్తులు చెరపరాదు. బయటినుండి కిరణాలు తీసుకొన్న తల్లి బిడ్డను ఎత్తుకోవచ్చు, ఏమీ అంటదు. ముట్టు వచ్చేవారికి సాధారణంగా ఆగిపోతుంది. యోనిమార్గం బిగుసుకోవచ్చు. దానికీ ఉపాయాలున్నవి, సిగ్గుపడకుండా అడగండి. పాల సంఘం సభలో అనకూడదేమో గాని, విరేచనాలున్న రోజులలో పాలు తగ్గించి, ఒంటికి పడితే మజ్జిగ తీసుకోవడం మంచిది. కిరణాల వల్ల పేగు పొర దెబ్బతిని పాలలోని చక్కెర అరగకపోవచ్చు. తగ్గిన తరువాత మామూలుగా తాగవచ్చును.

చికిత్స ముగిశాక మొదటి రెండేళ్ళు మూడు నాలుగు నెలలకొకసారి పరీక్షకు రావాలి. ఈలోగా మళ్ళీ రక్తం కనబడినా, ఒక కాలు వాచినా, నడుము నొప్పి విడవకపోయినా తేదీ కోసం ఆగకుండా రండి.