చెడ్డ కబురు తెచ్చినవాడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసినవాణ్ణని, 'సంస్థ సంస్కృతి' గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పేరు పెద్దది గానీ విషయం మనకు తెలిసిందే. కొత్త కోడలు అత్తవారింట్లో మొదటి నెల గమనించేది ఇదే: ఎవరి మాటకు ఎదురు లేదు, ఏ విషయం ఎత్తకూడదు. ఇవి ఎవరూ రాసిపెట్టరు.

అమెరికా ఆచార్యుడు ఎడ్గార్ షైన్ 1985 నాటి తన పుస్తకంలో దీన్ని మూడు పొరలుగా చూపించాడు. కంటికి కనిపించేవి, సంస్థ తన గురించి చెప్పుకునేవి, అడుగున ఎవరూ ప్రశ్నించని నమ్మకాలు. మొదటి రెండూ చూసి మోసపోవడం తేలిక. 'భద్రతే ప్రథమం' అన్న బోర్డు లేని ఫ్యాక్టరీ నాకింతవరకు తగల్లేదు! మూడోదాని కోసం నేను చూసేది ఒక్కటే. చెడ్డ కబురు తెచ్చినవాడికి అక్కడ ఏమవుతుంది?

ఒకచోట మాకు నియర్ మిస్ రిజిస్టరు ఉండేది. త్రుటిలో తప్పిన ప్రమాదాలు అందులో రాయాలి. ఒక సెక్షన్‌లో అది నెలల తరబడి ఖాళీ. మేనేజర్లు మెచ్చుకునేవారు కూడా. క్యాంటీన్‌లో టీ తాగుతూ ఫిట్టర్లను కదిపితే అసలు సంగతి బయటపడింది. చివరిసారి రాసినతనికి మెమో ఇచ్చారట. పక్క సెక్షన్‌లో పేజీలకు పేజీలు నిండేవి. నాకు నిద్ర పట్టనిచ్చింది ఆ నిండిన రిజిస్టరే.

కొలంబియా వ్యోమనౌక మీకు గుర్తుండే ఉంటుంది. 2003 జనవరి 16న పైకి లేస్తుండగా ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. రెక్కను కక్ష్యలోనే ఫొటో తీయించమని ఇంజనీర్లు అడిగారు. పైవారు ముందుకు సాగనివ్వలేదు. క్షేమమని పైవారు నిరూపించాల్సింది పోయి, ప్రమాదమని నిరూపించే భారం ఇంజనీర్లమీద పడింది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. ప్రమాదానికి ఆ ఫోమ్ ముక్క ఎంత కారణమో, నాసా సంస్కృతీ అంతే కారణమని దర్యాప్తు సంఘం తేల్చింది.

ఈ ఏడాది ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇక్కడున్నారు. హెచ్.ఆర్. వారిచ్చే పుస్తకం చదవండి, తప్పులేదు. కిందటేడు మీటింగులో 'ఇది పనిచేయదు సార్' అన్నవాడు ఇప్పుడు ఏ సీట్లో ఉన్నాడో కూడా మెల్లగా వాకబు చేయండి.

సెలవు.