విలువ ఎవరి లెక్కలో?

(ఆరోగ్య హక్కుల మీద పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'వాల్యూ బేస్డ్ హెల్త్ కేర్' గురించి మాట్లాడమన్నారు. దీన్ని తెలుగులో ఏమనాలో తేల్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది. 'విలువల వైద్యం' అంటే ఏదో నీతిబోధ అనుకుంటారు. 'విలువ' అంటే ధర అనే అర్థం కూడా ఉంది. ఇక్కడ ఆ రెండూ కాదు. పెట్టిన ఖర్చుకి రోగికి కలిగిన మేలు ఎంత అన్నదే ప్రశ్న. 2006లో మైకేల్ పోర్టర్, ఎలిజబెత్ టైస్‌బర్గ్ అనే అమెరికన్ ఆచార్యులు ఒక పుస్తకంలో ఈ వాదన చేశారు. ఎన్ని పరీక్షలు, ఎన్ని ఆపరేషన్లు చేశారన్నది కాదు, రోగి ఎంత కోలుకుందన్న దాంట్లో ఆస్పత్రులు పోటీపడాలి అన్నారు. ఇద్దరూ బిజినెస్ స్కూళ్ళవాళ్ళు. ఆ 'పోటీ' అన్న మాట నాకు మింగుడుపడదు. అయినా ప్రశ్న మంచిదే. మనం వేరే మాటల్లో ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నదే.

గర్భసంచి ఆపరేషన్ల సంగతే చూడండి. కొన్నేళ్ళ కిందట ఒక పల్లెలో ఇంటర్వ్యూలు చేస్తున్నప్పుడు ముప్ఫై రెండేళ్ళ కూలీ ఒకామె తన కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలోంచి తీసి నా ముందు పరిచింది. తెల్లబట్ట అవుతోందని ఆరెంపీకి చెప్పుకుంటే, అతను టౌన్లో ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళాడట. స్కానింగ్ తీసి, 'సంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్' అన్నారట. వారం తిరక్కుండా ఆపరేషన్. డిశ్చార్జి కాగితం మీద 'కండిషన్ గుడ్' అని ఉంది. "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాను. "ఒళ్ళంతా సెగలు మేడమ్. వంగితే లేవలేను. నాట్లకి పిలవడం మానేశారు" అంది. అండాశయాలు ఉంచారో తీసేశారో ఆమెకి తెలీదు. కాగితంలోనూ లేదు. అప్పు తీర్చడానికి బడి మానేసిన కూతురు పత్తి చేలోకి వెళ్తోంది.

ఆస్పత్రి రిజిస్టర్లో ఇది విజయవంతమైన ఆపరేషన్. ఆమె లెక్కలో ఏమిటి?

ఇది ఒక్కరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. మన ఆడవాళ్ళ గర్భసంచులే ఎందుకింత పాడైపోతున్నాయి? కాన్పుల సంగతీ అంతే. 2019-21 సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, దేశంలో 21.5 శాతం.

2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల గుండె ఆపరేషన్ చేయించుకుని బతికినవాళ్ళు నాకు తెలుసు. దాన్ని తీసిపారేయను. కానీ చికిత్సకి ఇంత అని ప్యాకేజీ కట్టి డబ్బిస్తే, లెక్కకి వచ్చేది చికిత్సే. ఏడాది తర్వాత ఆమె వంగి నాటు వేయగలుగుతోందా అని అడిగే గడి ఆ ఫారాల్లో ఉండదు. తెల్లబట్టకి మందులిచ్చి, భర్తకి కూడా చికిత్స చేయాలేమో చూసి పంపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ పనికి ప్యాకేజీ లేదు. నన్నడిగితే, అసలు విలువ అక్కడే ఉంది.

అయితే మన దగ్గర ఇదే పద్ధతిని గుడ్డిగా తెస్తే ప్రమాదమూ ఉంది. ఫలితం చూసి డబ్బిస్తామంటే, ఫలితం బాగా రానివాళ్ళని గుమ్మంలోనే వెనక్కి పంపుతారు. అదే 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం స్త్రీలకి రక్తహీనత ఉంది. ముందుగా ఎవరిని వెనక్కి పంపుతారో చెప్పనక్కర్లేదు. ఇక ఖర్చు అంటే ఆస్పత్రి బిల్లేనా? మంచం దగ్గర కూర్చున్న తల్లి పోగొట్టుకున్న కూలీ, ఆ పిల్ల బడి? ఇంటి ఆడవాళ్ళ సేవని ఉచితమనుకుంటే ఏ వైద్యమైనా చౌకగానే కనిపిస్తుంది.

అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. వాటిలో జిల్లా పర్యవేక్షణ కమిటీలున్నాయి. మీ జిల్లాలో కమిటీ ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది, సమాచార హక్కు కింద అడగండి. దాని ముందు పెట్టడానికి మన చేతిలో కూడా కాగితం ఉండాలి.

అందుకని ఆపరేషన్ అయిన ఆరు నెలలకి ఇంటికి వెళ్ళి అడిగేందుకు చిన్న ఫారం ఒకటి తయారుచేశాను. మందులతో ప్రయత్నించారా, ఏమేం తీశారో చెప్పారా, ఇప్పుడు పనికి వెళ్తున్నారా, అప్పెంత మిగిలింది. భోజనాలయ్యాక అందరం చూద్దాం. మూడో ప్రశ్న దగ్గరే నాకు చిక్కొచ్చిపడింది. పొద్దున్నే నాలుగు బిందెల నీళ్ళు మోసి, గేదె పాలు పితికి వచ్చినామె కూడా "పనికెక్కడ మేడమ్, ఇంట్లోనే ఉంటన్నా" అంటోంది. దాన్ని ఎలా అడగాలో మీరే చెప్పాలి.