పత్తి ధరా - మన పొదుపూ



వ్యాపారం, మార్కెట్టు అనగానే "అవి మగవాళ్ళ కబుర్లు, మనకెందుకులే" అని రేడియో కట్టేయకండి. మన ఆదోనిలో, ఎమ్మిగనూరులో మార్కెట్టు గుమ్మం దాటి వంటింటిదాకా వస్తుంది. యార్డులో పత్తి ధర పడిపోయిందంటే పచారీ కొట్లో మన బాకీ పద్దు పెరుగుతుంది, బట్టల కొట్లో బేరాలు తగ్గుతాయి, పిల్లవాడి ఫీజు "వచ్చే నెల చూద్దాంలే" అవుతుంది.

డబ్బు ఎక్కడ దాచుకోవాలో సలహా చెప్పటం నా వృత్తి. ఎవరొచ్చినా నేను ముందు అడిగేవి రెండే ప్రశ్నలు. మీ ఇంటికి రాబడి ఎక్కడినుంచి వస్తుంది? మీ పొదుపు ఎక్కడ వుంది? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ ఇంటికి పొదుపు లేనట్టే లెక్క.

అదేమిటంటారా? ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయన పత్తి మండీలో కమీషన్ వ్యాపారం చేస్తారు. ఇల్లాలు పదేళ్ళుగా కూడబెట్టిన మూడు లక్షలు తెలిసిన సావుకారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి వున్నాయి. ఆ సావుకారుదీ పత్తి వ్యాపారమే. మరికొంత డబ్బుతో జిన్నింగ్ మిల్లుల పక్కన ఒక ప్లాటు కొన్నారు. చూడటానికి మూడు దారులు. పత్తి దెబ్బ తిన్న ఏడు ఏమవుతుంది? ఇంటాయన కమీషన్ తగ్గుతుంది, సావుకారు వడ్డీ ఆపుతాడు, ప్లాటు అమ్ముదామంటే కొనేవాడుండడు. మూడు కుండలూ ఒకే ఉట్టిలో పెట్టాం. తాడు తెగితే ఏ కుండ మిగులుతుంది?

ఆ తాడు మన చేతిలో లేదు కూడా. 2022 మొదటి నెలల్లో పత్తి క్వింటాలు పదివేలు దాటింది. ఆ తర్వాత మళ్ళీ దిగింది. 2025 ఆగస్టులో విదేశీ పత్తిపై వున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది చివరిదాకా ఎత్తేసింది. అదే నెలలో అమెరికా మన బట్టలతో సహా ఎన్నో సరుకులపై 50 శాతం సుంకం వేసింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం ఇక్కడి యార్డు ధరను కదిలిస్తుంది. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి 8,110 రూపాయలు మద్దతు ధర ప్రకటించారు. బయట ధర అంతకంటే తక్కువుంటే పత్తి కార్పొరేషన్ కొంటుంది. రైతుకు ఆ మాత్రం ఆసరా వుంది. మన పొదుపుకు మాత్రం మద్దతు ధర ఎవరూ ప్రకటించరు. దాన్ని మనమే కట్టుకోవాలి.

ఎమ్మిగనూరు సంగతి చూడండి. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టి, ఒంటరి మగ్గాలకు ఒక బలం ఇచ్చారు. నూలు కలిసి కొనటం, బట్ట కలిసి అమ్మటం ఎంత మేలో ఆ వూరు చూపించింది. కానీ పవర్‌లూమ్ పోటీ వచ్చాక అంత పేరున్న చేనేతకూ కష్టకాలం తప్పలేదు. వృత్తి మంచిదే, సంఘమూ మంచిదే. అయినా ఇల్లంతా ఒక్క వృత్తిమీదే ఆనుకుంటే గాలి మారినప్పుడు నిలవటం కష్టం.

ఇప్పుడు వడ్డీల సంగతి. 2025లో రిజర్వు బ్యాంకు తన రేటును ఆరున్నర శాతం నుంచి అయిదుంబావు శాతానికి తగ్గించింది. దాంతో బ్యాంకుల్లో కొత్త డిపాజిట్లపై వడ్డీ కూడా తగ్గింది. ఇలాంటప్పుడే "మా దగ్గర ఎక్కువ ఇస్తాం వదినా" అంటూ మనుషులు గుమ్మం ఎక్కుతారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో అందులో సగానికే అప్పు దొరుకుతుంటే, ఆ మనిషి మన దగ్గరికెందుకు వచ్చినట్టు? బ్యాంకు ఇవ్వనన్నదేమో ఆలోచించండి. అగ్రిగోల్డు కంపెనీని మన రాష్ట్రం మరిచిపోలేదు. సుమారు 32 లక్షలమంది కట్టిన ఆరువేల కోట్ల పైచిలుకు రూపాయలు అందులో చిక్కుకున్నాయి. కట్టినవాళ్ళలో ఎక్కువమంది మనలాంటి చిన్న మనుషులే.

మరి ఏం చెయ్యాలి? ముందుగా ఆరునెలల ఇంటి ఖర్చు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వుండాలి. 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి, వడ్డీతో కలిపి అయిదు లక్షలదాకా బీమా వుంది. సహకార బ్యాంకుకూ ఇది వర్తిస్తుంది. బ్యాంకు కాని పరపతి సంఘానికి మాత్రం వర్తించదు. పేర్లు ఒకేలా వుంటాయి, అడిగి తెలుసుకోండి.

బంగారం 2025 ఏప్రిల్‌లో పదిగ్రాములు లక్ష దాటింది. నిజమే, కానీ 2012లో 31 వేల ప్రాంతంలో వున్నది 2015కి 26 వేలకు దిగిన సంగతీ గుర్తుంచుకోవాలి. నగ కొంటే హాల్‌మార్కు, దానితోపాటు ఆరక్షరాల గుర్తింపు సంఖ్య చూడండి. తరుగు, మజూరీ తిరిగి రావు. అందుచేత నగ ముచ్చటకు కొనండి, అదే పొదుపంతా అనుకోకండి.

చీటీ వేస్తే 1982 చట్టం కింద రిజిస్టరయిందా అని అడగండి. షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో ఆరేడేళ్ళదాకా అవసరంపడని డబ్బే పెట్టండి. 2008లో షేర్ల సూచీ సగానికి పైగా పడింది. ఓపిక పట్టగలిగినవాళ్ళు కోలుకున్నారు, కూతురి పెళ్ళికని దాచినవాళ్ళు నష్టానికి అమ్ముకున్నారు. ఫోనులో "ఈ షేరు కొనండి" అని ముక్కూ మొహమూ తెలియనివాడు పంపే సలహా వినకండి. సలహాదారుకు సెబీ రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. నన్నయినా సరే, ముందు అది అడగండి.

చేబదులు ఇప్పటికే ఇచ్చివుంటే? ప్రోనోటు మీ పేరున వుందో లేదో, మూడేళ్ళు దాటుతోందేమో చూసుకోండి. గడువు దాటితే కోర్టుకు వెళ్ళినా లాభం వుండదు. మొహమాటపడి ఊరుకోవద్దు. మంచి మనిషి కాగితం రాయటానికి నొచ్చుకోడు.

ఇవాళ పని తీరాక ఒక కాగితంమీద గీత గీసి, ఒకవైపు రాబడి దారులు, మరోవైపు పొదుపు దారులు రాయండి. పత్తి ధర పడితే దెబ్బతినేవాటి పక్కన చుక్క పెట్టండి. అటూ ఇటూ చుక్కలే వుంటే, ఈ ఏడు వచ్చే మొదటి మిగులును చుక్క లేని చోటికి పంపండి. ఆ కాగితం మీవారికీ చూపించండి. పత్తి లెక్క ఆయనకు బాగా తెలుసు. ఇంటి లెక్క మీకు తెలుసు. రెండూ కలిసి చూసుకున్న ఇల్లు, ధర పడిన ఏడు కూడా పిల్లల ఫీజు వేళకు కడుతుంది.